హాలో బ్లాకు గోడకు 41 కిలోల చెక్క పలక: పర్లాకిమిడి ఇంటి కేస్ స్టడీ

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో కాంక్రీటు పిల్లర్లు, బీములు వేసి, మధ్య గోడలన్నీ 8 అంగుళాల హాలో (లోపల గుల్లలున్న) సిమెంటు బ్లాకులతో కట్టిన ఇల్లు. హాలు వెనక గోడకు దశావతారాలు చెక్కిన టేకు పలక పెట్టాలి. పలక వెడల్పు 5 అడుగులు, ఎత్తు 3 అడుగులు. వెనక 18 మి.మీ. ప్లైవుడ్, చుట్టూ ఫ్రేము ఉన్నాయి. మేడ మీద తర్వాత వేసిన గది గోడలు ఏఏసీ బ్లాకులవి, అంటే తెల్లగా తేలిగ్గా ఉండే లైట్ వెయిట్ బ్లాకులు. అక్కడ పెట్టాల్సింది గుడ్డ మీద వేసిన ఇడితాల్ బొమ్మ, అంటే సవర గిరిజనుల సంప్రదాయ చిత్రం. దాన్ని 4 అడుగులు × 3 అడుగుల అద్దం ఫ్రేములో కట్టించారు.

పలకను అంతకుముందు ఒకసారి వేలాడదీశారు. రెండు 8 మి.మీ. ప్లాస్టిక్ ప్లగ్గులు, రెండు పొడవాటి స్క్రూలు వాడారు. కొన్నాళ్లకు ఎడమ పక్క జారింది. చూసి దించేశారు కాబట్టి కింద పడలేదు. ప్లగ్గు పెట్టిన చోట రూపాయి బిళ్ల కంటే పెద్ద గుంట మిగిలింది. ఇంటివాళ్లు చెప్పింది ఒక్క ముక్క: "డ్రిల్లు పెట్టగానే లోపలికి దూసుకుపోయిందండీ, మళ్లీ ఏమీ తగల్లేదు." జబ్బు ఎక్కడుందో ఆ ముక్కలోనే ఉంది.

తూకం, గోడ గుణం

అంచనా బరువుతో ఈ పని మొదలుపెట్టకూడదు. పలకను పడుకోబెట్టి, ఒక కొస కింద మనుషుల బరువు చూసే మిషన్, రెండో కొస కింద అంతే ఎత్తు దిమ్మ పెట్టాలి. ఒక రీడింగ్ రాసుకుని, మిషన్‌ను రెండో కొసకు మార్చి మళ్లీ చూడాలి. రెండూ కలిపితే మొత్తం బరువు. ఈ పలక 41 కిలోలు తూగింది. ఇడితాల్ ఫ్రేము 18 కిలోలు. అందులో అద్దమే 11 కిలోలు, ఎందుకంటే 4 మి.మీ. అద్దం చదరపు మీటరుకు 10 కిలోలుంటుంది.

గోడ దేనితో కట్టారన్నది రంగు వేశాక కంటికి తెలియదు. పలక వెనక్కి పోయే చోట 5 మి.మీ. బిట్టుతో ఒక పరీక్ష రంధ్రం వేసి, రాలే పొడి చూడాలి. ఎర్రటి పొడి వస్తే మట్టి ఇటుక. మెత్తటి బూడిద రంగు పొడి వచ్చి బిట్టు ఆగకుండా ఒకే వేగంతో వెళ్తే ఫ్లై యాష్ ఇటుక. తెల్లటి పిండిలా రాలి, చేతి బలం పెట్టకుండానే బిట్టు దిగిపోతే ఏఏసీ. గరుకైన ఇసుకలాంటి బూడిద రంగు పొడి వచ్చి, అంగుళమున్నరో రెండంగుళాలో పోయాక బిట్టు ఉన్నట్టుండి ఖాళీలోకి దూకితే హాలో బ్లాకు. ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఈ నాలుగూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో కనబడతాయి. కింది అంతస్తు చూసి పై అంతస్తూ అదేనని అనుకోకూడదు.

ఈ హాలు గోడలో బిట్టు 50 మి.మీ. దగ్గర ఖాళీలో పడింది. అందులో ప్లాస్టరింగ్, లప్పం కలిపి 18 మి.మీ., బ్లాకు చిప్ప, అంటే గుల్లకు ముందుండే పలచటి గోడ, 32 మి.మీ. ఒక తీగ ముక్క కొస వంచి రంధ్రంలోకి పంపి, చిప్ప వెనక అంచుకు తగిలించి వెనక్కి లాగితే ఈ కొలత దొరుకుతుంది. ఇది తెలియకుండా ప్లగ్గు కొనడం దండగ.

పాత పని ఎందుకు జారింది

చాలామంది స్క్రూ గోడలోంచి ఊడి వచ్చేస్తుందని భయపడతారు. గోడకు ఆనుకుని నిలువుగా వేలాడే వస్తువుకు ఊడదీసే బలం చాలా తక్కువ. ఈ పలక బరువు కేంద్రం గోడకు 50 మి.మీ. దూరంలో ఉంది. పై ఆధారానికీ కింద గోడకు ఆనే చోటుకీ మధ్య 750 మి.మీ. ఉంది. 41ని 50తో గుణించి 750తో భాగిస్తే 3 కిలోలు కూడా రాదు. అసలు బలమంతా కిందికే.

కిందికి లాగే ఆ బలం స్క్రూ మీద ఎక్కడ పడుతోందన్నది చూడాలి. స్క్రూ ప్లాస్టరింగ్ దాటి 20 మి.మీ. బయటికి ఉంది. ప్లాస్టరింగ్ 18 మి.మీ. మెత్తటి సున్నపు, ఇసుక పొర. దానికి మోసే శక్తి లేదు. అంటే బ్లాకు ముఖం నుంచి 38 మి.మీ. దూరంలో ఒక్కో స్క్రూ మీద 20 కిలోలు వేలాడాయి. ఆ స్క్రూను పట్టుకున్నది 32 మి.మీ. చిప్ప, అందులోనూ ప్లగ్గు గట్టిగా ఆనింది ఇరవై మి.మీ. మేర. గునపంతో రాయి పెకలించినట్టు, 20 కిలోల బరువు చిప్ప అంచు మీద దాదాపు 60 కిలోల తోపుగా మారుతుంది. రోజూ తలుపు కొట్టుకున్నప్పుడల్లా ఆ అంచు కొంచెం కొంచెం నలిగి ఇసుకైంది.

దానికి ఇంకో కారణం తోడైంది. మామూలు ప్లగ్గు చుట్టూ గట్టి పదార్థం ఉంటేనే విచ్చుకుని బిగుస్తుంది. ఇక్కడ ప్లగ్గు కొస సగం గుల్లలో ఉంది. బిగిసే భాగమే గాలిలో ఉంటే ఎంత పొడవు స్క్రూ వేసినా ఒకటే.

పాత పద్ధతిలో రంధ్రంలో చెక్క ముక్క కొట్టి దాంట్లో మేకు దించేవాళ్లు. మందపాటి మట్టి ఇటుక గోడలో అది బాగానే నిలిచేది. హాలో బ్లాకులో వద్దు. వానాకాలంలో చెక్క ఉబ్బి చిప్పను పగలదోస్తుంది, ఏప్రిల్, మే ఎండల్లో కుంచించుకుని వదులవుతుంది. స్టీలు యాంకర్ బోల్టు ఇంకా చెడ్డది. అది కాంక్రీటు కోసం చేసింది, బిగించేకొద్దీ పక్కలకు తోస్తుంది. పలచటి చిప్ప పగులుతుంది. ఆ పగులు వెనక వైపు ఉంటుంది కాబట్టి కనబడదు, అదే ప్రమాదం. పిల్లరులోనో లింటెల్ బీములోనో బిగించే వీలుంటే యాంకర్ బోల్టే సరైనది. ఈ హాల్లో పిల్లర్లు మూలల్లో ఉన్నాయి. లింటెల్ తలుపుల మీదే ఉంది, గోడ పొడవునా లేదు.

ఎంచుకున్న పద్ధతి

బరువును రెండు చుక్కల మీద కాక, ఒక పొడవాటి రీపరు మీద పరిచాం. 18 మి.మీ. మంచి ప్లైవుడ్ పట్టీని పొడవునా 45 డిగ్రీల వాలుగా కోస్తే రెండు రీపర్లవుతాయి. ఒకటి గోడకు, వాలు గోడ వైపు దిగేట్టు. రెండోది తలకిందులుగా పలక వెనక్కి. పైనుంచి దించితే ఒకదాంట్లో ఒకటి కూచుంటాయి. ఒక్కో రీపరు వెడల్పు 75 మి.మీ., పొడవు 1300 మి.మీ.

గోడ రీపరును పట్టేవి నాలుగు కెమికల్ యాంకర్లు, అంటే రెసిన్ అనే జిగురుతో గోడలో అతికించే రాడ్లు. జాలీ గొట్టం 16 × 85 మి.మీ., అందులో 8 మి.మీ. త్రెడ్ రాడ్డు. జాలీ గొట్టంలో నింపిన రెసిన్ చిప్ప దాటాక రంధ్రాల్లోంచి బయటికి పొంగి, గుల్లలో ముద్దలా గట్టిపడుతుంది. అది చిప్పను దేన్నీ తోయకుండా వెనకనుంచి పట్టుకుంటుంది. హాలో బ్లాకుకు ఇంతకంటే నమ్మకమైన పట్టు లేదు. ప్లాస్టరింగ్ 30 మి.మీ. దాటిన గోడలకు 85 మి.మీ. గొట్టం చాలదు, 130 మి.మీ. గొట్టం తీసుకోవాలి. ఎందుకంటే లెక్కలోకి వచ్చేది బ్లాకు ముఖం నుంచి లోపలికి పోయిన భాగమే.

బలం లెక్క: 41 కిలోలు నాలుగు రాడ్లకు, ఒక్కో దానికి 10 కిలోల చిల్లర. 45 డిగ్రీల వాలు వల్ల రీపరును బయటికి తోసే బలం కూడా వస్తుంది. రాపిడిని లెక్కలోకి తీసుకోకుండా చూసినా అది మొత్తం 41 కిలోలు దాటదు, పైన చెప్పిన 3 కలిపితే 44, అంటే రాడ్డుకు 11. ఒక రాడ్డు పూర్తిగా పట్టు తప్పినా మిగతా మూడు తేలిగ్గా మోయాలి, ఎవరైనా పలక అంచు పట్టుకుని వేలాడినా నిలవాలి. అందుకే రెండు సరిపోతాయని తోచినా నాలుగు.

రంధ్రాల ఎడం 400 మి.మీ. పెట్టడానికి కారణం ఉంది. బ్లాకు పొడవు, పక్కనుండే మాలు కీలుతో కలిపి 400. మొదటి రంధ్రం గుల్ల నడుమ పడితే మిగతా మూడూ పక్క బ్లాకుల్లో అదే చోట పడతాయి. రెండు గుల్లల బ్లాకులో గుల్ల నడుమ కొస నుంచి 100, 110 మి.మీ. దగ్గర ఉంటుంది. బ్లాకుల మధ్య నిలువు కీలులో మాత్రం ఎప్పుడూ బిగించకూడదు. చాలా గోడల్లో ఆ కీలుకు ముందు, వెనక తాపీతో మాలు పూసి నడుమ ఖాళీ వదిలేసి ఉంటారు. ఒక రంధ్రం గుల్ల మధ్య అడ్డుగోడలో పడితే కంగారు పడక్కర్లేదు. అక్కడ జాలీ గొట్టం లేకుండా రెసిన్ నేరుగా నింపవచ్చు.

కావలసినవి: 8 మి.మీ. త్రెడ్ రాడ్డు ఒక మీటరు (120 మి.మీ. ముక్కలు నాలుగు కోయాలి), జాలీ గొట్టాలు 5 (ఒకటి అదనం), 300 మి.లీ. రెసిన్ కాట్రిడ్జి ఒకటి, నాజిళ్లు రెండు, వెడల్పాటి వాషర్లు, నట్లు నాలుగేసి. పలక వైపు రీపరుకు 38 మి.మీ. చెక్క స్క్రూలు 9. గొట్టానికి 17 మి.లీ. దాకా రెసిన్ పడుతుంది, గుల్లలోకి పొంగేదీ నాజిల్లో పోయేదీ కలిపినా ఒక కాట్రిడ్జిలో ఇంకా మిగులుతుంది. ఇది చిన్న హార్డ్‌వేరు కొట్లలో దొరక్కపోతే బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం పెద్ద కొట్లలో అడగాలి. గడువు తేదీ చూసి తీసుకోవాలి. గడువు దాటిన రెసిన్ పిండినప్పుడు మామూలుగానే వచ్చినా లోపల సరిగా గట్టిపడకపోవచ్చు.

గోడ మీద పని

ముందు మెయిన్ ఆపాలి. స్విచ్ బోర్డు నుంచి పైకి, జంక్షన్ బాక్సుల మధ్య అడ్డంగా గోడలో పైపులు పోతుంటాయి. ఆ వరసలకు ఇరువైపులా జానెడు వదిలేయాలి.

చెమ్మ చూడాలి. ఇది బయటి గోడ. 2018 అక్టోబర్ తిత్లీ తుపానులో గాలివానకు ఈ జిల్లా ఇళ్ల గోడలు ఎంత నానాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అంత కాకపోయినా ఈదురుగాలితో కొట్టే వాన హాలో బ్లాకు గోడలోకి దిగి గుల్లల్లో నిలుస్తుంది. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులూ టేపు వేసి అంటించి ఒక రోజు వదిలితే, కాగితం లోపల నీటి ఆవిరి పట్టిందో లేదో తెలుస్తుంది. బిట్టుకు పొడి ముద్దలా అంటుకుంటే పని వాయిదా వేయడమే మంచిది. తడి రంధ్రంలో రెసిన్ పట్టు తగ్గుతుంది, చెక్కా పాడవుతుంది.

రీపరు పెట్టే మేర ప్లాస్టరింగ్‌ను వేలి కణుపుతో కొట్టి చూశాం. ఒక చోట బోలుగా మోగింది. దాన్ని చెక్కి, 1:4 సిమెంటు, ఇసుక మాలుతో పూడ్చి, ఆరనిచ్చాకే ముందుకు వెళ్లాం. బోలు ప్లాస్టరింగ్ మీద రీపరు బిగిస్తే నట్టు తిప్పగానే పెచ్చు లేస్తుంది. పాత గుంటలు కూడా అదే మాలుతో పూడ్చాం. వాటికి 100 మి.మీ. దగ్గరలో కొత్త రంధ్రం వేయలేదు.

నీటి ట్యూబుతో మట్టం గీశాం. మీటరున్నర పొడవు వస్తువుకు అడుగు రసమట్టం నమ్మకూడదు.

డ్రిల్లింగ్ దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి. మిషన్‌లో హామర్ మీట తప్పకుండా ఆపేయాలి. హామర్ మీద డ్రిల్లు చేస్తే రంధ్రం ముందు వైపు గుండ్రంగా ఉంటుంది, వెనక వైపు చిప్ప గరాటు ఆకారంలో పగిలి గుల్లలో పడిపోతుంది. 32 మి.మీ. చిప్పలో పట్టుకునేది పది, పన్నెండు మి.మీ. మాత్రమే మిగులుతుంది. ముందు 6 మి.మీ., తర్వాత 10, చివర 16 మి.మీ. కార్బైడ్ బిట్టు. చిప్ప దాటబోయే ముందు ఒత్తిడి తగ్గించి, మిషన్‌ను రెండు చేతులా ఆపి పట్టుకోవాలి. లేకపోతే బిట్టు దూకి చక్కు రింగు ప్లాస్టరింగ్‌ను కొట్టి గుంట చేస్తుంది.

రంధ్రం లోపల బ్రష్షు తిప్పి, చేతి పంపుతో ఊది, మళ్లీ అదే చేయాలి. పొడి మిగిలితే రెసిన్ పొడికి అంటుకుంటుంది, గోడకు అంటదు. జాలీ గొట్టం ప్లాస్టరింగ్ ముఖానికి సమంగా దూర్చాలి. కొత్త నాజిల్లోంచి మొదట వచ్చే రెసిన్ రెండు రంగుల చారలతో ఉంటుంది, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పాత కాగితం మీద పిండి పారేయాలి. నాజిలు గొట్టం అడుగు దాకా పెట్టి, నింపుకుంటూ వెనక్కి రావాలి. రాడ్డును నెమ్మదిగా తిప్పుతూ లోపలికి నెట్టాలి. రెసిన్ అంచు దగ్గర కొంచెం పొంగితే గొట్టం నిండిందని అర్థం. 30 డిగ్రీల వేడిలో త్వరగా పట్టే రెసిన్ నాలుగైదు నిమిషాల్లో బిగుసుకోవడం మొదలుపెడుతుంది. అందుకే నాలుగు రంధ్రాలూ ముందే శుభ్రం చేసి, గొట్టాలు దూర్చి, రాడ్లు చేతికి అందేట్టు పెట్టుకోవాలి. రెసిన్ పట్టే లోపు రీపరును రాడ్లకు తొడిగి, మట్టం సరిచూసి, ఊరికే అలా ఉంచాం. కాట్రిడ్జి మీద రాసిన గట్టిపడే సమయం పూర్తయ్యేదాకా ఎవరూ తాకకూడదు, బిగించి చూడకూడదు.

రీపరులో రంధ్రాలు 10 మి.మీ. వేశాం, 8 మి.మీ. రాడ్డుకు కాస్త వెసులుబాటు ఉండాలని. నట్లు వేళ్లతో బిగించాక స్పానరుతో పావు నుంచి అర తిప్పు చాలు. చేతి బలమంతా చూపిస్తే చిప్ప నలుగుతుంది.

పరీక్ష మానకూడదు. రీపరుకు రెండు తాళ్లు కట్టి, రెండు సిమెంటు బస్తాలు, అంటే 100 కిలోలు, ఒక రాత్రంతా వేలాడదీశాం. రీపరు పై అంచున గోడ మీద పెన్సిలు గీత పెట్టుకున్నాం. తెల్లారి గీత, అంచు కలిసే ఉన్నాయి. పలక బరువుకు రెండున్నర రెట్లకు దగ్గరి భారం ఇది. ఈ పరీక్షలో ఒక మి.మీ. జారినా ఆ రాడ్డు కోసేసి ఇంకో చోట వేయాల్సిందే.

పలక వైపు రీపరును 150 మి.మీ.కి ఒకటి చొప్పున స్క్రూలతో ఫ్రేముకు, ప్లైవుడ్‌కు బిగించాం. 18 మి.మీ. రీపరు దాటి 20 మి.మీ. లోపలికి పోతుంది కాబట్టి స్క్రూ కొస చెక్కడాల పలచటి చోట బయటపడదో లేదో ముందే చూసుకోవాలి. పలక అడుగున వెనక వైపు అంతే మందం, అంటే 18 మి.మీ. పట్టీ, దాని మీద రబ్బరు ముక్కలు. అది లేకపోతే పలక కింది అంచు గోడకు ఆని, తల ముందుకు వాలుతుంది. పలకకూ గోడకూ మధ్య ఈ 18 మి.మీ. సందులో గాలి ఆడుతుంది. వానల్లో చెమ్మగిల్లే గోడకు చెక్కను నేరుగా ఆనిస్తే బూజు, తర్వాత చెద తప్పవు.

పలక పై అంచు మీద కనీసం 50 మి.మీ. ఖాళీ ఉండాలి, ఎత్తి దించడానికి. ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే మూడో మనిషి పక్కనుంచి రీపర్లు కూచున్నాయో లేదో చూసి చెప్పాలి. కూచున్నాక కింది పట్టీలోంచి ఒక చిన్న స్క్రూ గోడ ప్లగ్గులోకి వేశాం. అది బరువు మోయదు, తుడిచేటప్పుడు పలక పైకి లేచి పట్టు తప్పకుండా ఆపడానికే.

మేడ మీద ఏఏసీ గోడ

18 కిలోలే కదా అని ఇక్కడ తేలిగ్గా తీసుకోకూడదు. ఫ్రేము కట్టినవాళ్లు వెనక తీగ బిగించి ఇచ్చారు. తీగ ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిదనుకుంటారు కానీ లెక్క తిరగబడి ఉంటుంది. ఒక మేకు మీద వేలాడే తీగ అడ్డగీతకు 30 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో పక్క 18 కిలోల లాగుడు. 15 డిగ్రీలకు దిగితే 35 కిలోలు, 10 డిగ్రీలకు 52. ఆ లాగుడు ఫ్రేము నిలువు చెక్కల్ని లోపలికి వంచి మూల కీళ్లు విప్పుతుంది, అద్దం మూలలో పగులుతుంది. తీగ తీసేసి ఇక్కడా వాలు రీపర్లే వాడాం, పొడవు 900 మి.మీ.

గోడ వైపు మూడు 10 × 100 మి.మీ. నైలాన్ ఫ్రేము ప్లగ్గులు, వాటికి సరిపోయే స్క్రూలు. ఏఏసీలో 70 మి.మీ. లోతు కావాలి, పైన 12 మి.మీ. ప్లాస్టరింగ్, 18 మి.మీ. రీపరు, సరిగ్గా 100. రంధ్రం 9 మి.మీ. బిట్టుతో, హామర్ లేకుండా. ఏఏసీ ఎంత మెత్తనంటే 10 మి.మీ. బిట్టు కొంచెం ఊగినా రంధ్రం 11 అవుతుంది, ప్లగ్గు చేత్తోనే దిగిపోతుంది. అలా దిగితే ఆ రంధ్రం పనికిరాదు. సుత్తి దెబ్బలు కొంచెం పడితేనే దిగాలి. రంధ్రం బ్లాకు అంచు నుంచి కనీసం 100 మి.మీ. దూరంలో ఉండాలి. బ్లాకు పొడవు 600, ఎత్తు 200 కాబట్టి ఎత్తులో ఉన్న ఒక్క చోటు నడిమి గీతే. స్క్రూ బిగుసుకున్నాక ఇంకో తిప్పు తిప్పాలనిపిస్తుంది. ఆ తిప్పుతోనే ఏఏసీ లోపల పిండైపోతుంది. ఈ గోడకు 50 కిలోల బస్తా ఒకటి కట్టి రాత్రి ఉంచాం.

ఇడితాల్ బొమ్మను మధ్యాహ్నం ఎండ పడే గోడకు పెట్టవద్దని చెప్పి, కిటికీ ఎదురు గోడ బదులు పక్క గోడ ఎంచుకున్నాం. అద్దానికీ గుడ్డకూ మధ్య ఫ్రేములో సన్న పట్టీ ఉండేట్టు మళ్లీ కట్టించాం. అద్దానికి గుడ్డ అంటుకుని ఉంటే వానాకాలపు చెమ్మకు రంగు అద్దం మీదికి ఎక్కుతుంది.

ఒక వానాకాలం దాటాక

హాలు పలక రీపరు గీత కదల్లేదు. నాలుగు నట్లలో కిటికీ వైపుది కొంచెం వదులైంది. ప్లైవుడ్ ఆరి మందం తగ్గడం వల్ల అలా అవుతుంది. స్పానరుతో పావు తిప్పు ఇచ్చాం. పలక వెనక కింది పట్టీ దగ్గర సన్నటి చెమ్మ మరక వచ్చింది, దాని మూలం గోడ బయట ప్లాస్టరింగ్‌లో సన్న పగులు. దాన్ని లోపలనుంచి ఏం చేసినా లాభం లేదు. బయట పగులు విప్పి, పూడ్చి, వాన నీటిని ఆపే రంగు వేయించుకోమన్నాం. ఏఏసీ గోడ వైపు ఏమీ లేదు.

ఎప్పుడైనా గోడకు రంగు వేయించాలంటే ముందు కింది స్క్రూ తీసి, పలకను పైకి ఎత్తి దించి, నట్లు విప్పి గోడ రీపరు తీస్తే చాలు. త్రెడ్ రాడ్లు అలాగే ఉంటాయి, వాటికి టేపు చుట్టి రంగు వేయాలి. పలకను శాశ్వతంగా ఇంకో చోటికి మారిస్తే రాడ్లను లాగే ప్రయత్నం చేయకూడదు, చిప్పతో సహా ఊడతాయి. గ్రైండరుతో ప్లాస్టరింగ్ ముఖానికి 5 మి.మీ. లోపలికి కోసి, పైన లప్పం పెట్టి మూసేయాలి.